విశ్వాసం పునాదిగా వికలాంగుల కోసం జిమ్ ఫ్రాంచైజీ: టెక్సస్‌లో దిగేముందు చూసుకోవాల్సినవి

అడిగినది క్లుప్తంగా: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్న తెలుగు దంపతులు. ఆయనది హెచ్-1బి, ఆవిడది హెచ్-4 మీద ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు. వాళ్ల తెలుగు చర్చిలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కుటుంబాలు కొన్ని ఉన్నాయి. క్రైస్తవ విలువలతో, వికలాంగులకు వ్యాయామం చేయించే సెంటర్ పెట్టాలని ఆలోచన. ఉన్న ఫ్రాంచైజీ కొనాలా, సొంతంగా పెట్టి తర్వాత తామే ఫ్రాంచైజీలు ఇవ్వాలా? చర్చి హాలు వాడుకోవచ్చా? ట్రైనర్లుగా విశ్వాసులనే తీసుకోవచ్చా?

సూటిగా చెప్తాను. పెట్టొచ్చు, కానీ ఫ్రాంచైజీ సంతకం మొదటి పని కాదు. గంటల లెక్కన దొరికే హాల్లో వారానికి మూడు సాయంత్రాలు, పది పన్నెండు మందితో ఆరు నెలలు నడపండి. సభ్యత్వాలు అమ్మకుండా ఏ రోజు డబ్బు ఆ రోజే తీసుకోండి. డబ్బిచ్చి వచ్చేవాళ్లు ఎంతమందో, ట్రైనర్లు నిలుస్తారో లేదో ఆలోపు తేలిపోతుంది. కొనడమా, సొంతమా అన్నది ఆ తర్వాత. చర్చి హాలు వాడుకోవచ్చు, రాతపూర్వకమైన అద్దె ఒప్పందంతో. ట్రైనర్లను మాత్రం మతం చూసి తీసుకోవద్దు.

విశ్వాసం ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ ఉండకూడదు

అమెరికా చట్టానికి చర్చి వేరు, క్రైస్తవులు నడిపే వ్యాపారం వేరు. వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ (1990)లో ప్రజలకు తెరిచి ఉంచే వ్యాపారాల గురించిన మూడో భాగం నుంచి మత సంస్థలకూ, అవి నియంత్రించే సంస్థలకూ మినహాయింపు ఉంది. అదే భాగం పరిధిలోకి వచ్చే చోట్ల జాబితాలో జిమ్ పేరు పెట్టి మరీ ఉంది. మీ ఎల్‌ఎల్‌సీ (మీ పేరిట పెట్టే కంపెనీ) చర్చి హాలు అద్దెకు తీసుకుంటే చర్చికి మినహాయింపు ఉంటుంది, మీకు ఉండదు. హాల్లోకి మూడు మెట్లు ఎక్కాల్సి ఉంటే ఆ మెట్లకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఉద్యోగాల సంగతి. ఫెడరల్ చట్టం (టైటిల్ సెవెన్) ప్రకారం 15 మంది, ఆపైన ఉద్యోగులున్నవాళ్లు మతం చూసి తీసుకోవడం, తీసేయడం కుదరదు. పార్ట్‌టైమ్ వాళ్లూ లెక్కలోకి వస్తారు. వారానికి ఎనిమిది గంటలు చేసే కాలేజీ పిల్లలే ఎక్కువగా పనిచేసే జిమ్‌కి 15 అనేది రెండో ఏడే వచ్చేస్తుంది. ఈ రంగంలోనే ఒక పాత కేసు ఉంది. మిన్నెసోటాలో స్పోర్ట్స్ అండ్ హెల్త్ క్లబ్ అనే జిమ్‌ల గొలుసును క్రైస్తవ యజమానులు తమ విశ్వాసం ప్రకారం నడిపేవారు. ఇంటర్వ్యూలో చర్చికి వెళ్తారా, పెళ్లయిందా అని అడిగేవారు. తండ్రి అనుమతి లేని పెళ్లికాని యువతులనూ, భర్త అనుమతి లేని భార్యలనూ తీసుకునేవారు కాదు. 1985లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు యజమానులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. లాభం కోసం ప్రజల్లోకి వచ్చిన వ్యాపారం, యజమాని విశ్వాసాన్ని చూపి వివక్ష నిషేధ చట్టాన్ని పక్కన పెట్టలేదన్నది దాని సారం. మతం పేరు మీద జిమ్ పెట్టే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఈ కేసే.

అయితే విశ్వాసం ఎక్కడ కనిపించాలి? మీ ధరలో, మాట నిలబెట్టుకోవడంలో, గోడ మీది వాక్యంలో, ఇష్టమున్నవాళ్లు ఉండే ప్రార్థనలో. క్లాసు 5:00 నుంచి 5:50 దాకా అయితే ప్రార్థన 5:55కి, పక్క గదిలో. క్లాసు మధ్యలో కలిపితే, వద్దనలేని మేధో వైకల్యం ఉన్న మనిషిని కూడా అందులో కూర్చోబెట్టినట్టే. ఫ్రిస్కోలో మీ దగ్గరకొచ్చే తెలుగు కుటుంబాల్లో హిందువులు తక్కువేం ఉండరు, వాళ్లకు ఈ గడియారం తేడా చాలా ముఖ్యం.

ఇంకోటి, మనవాళ్లకు ప్రత్యేకంగా. భుజాల బలం కోసం డంబెల్ పట్టుకున్న వీల్‌చెయిర్ మనిషి తల మీద చెయ్యిపెట్టి, అడక్కుండా స్వస్థత ప్రార్థన మొదలుపెడితే ఆ మనిషి మళ్లీ రాడు. మన కూడికల్లో అది మామూలే కాబట్టి ట్రైనర్లకూ, వాలంటీర్లకూ మొదటి రోజే చెప్పాలి: ప్రార్థించమని వాళ్లు అడిగితేనే. 'ఏ పాపం చేశారో' లాంటి మాట ఏ పెద్దావిడ నోటి నుంచి వచ్చినా అక్కడికక్కడే ఆపాలి.

చర్చి డబ్బు మీ వ్యాపారంలో కలపొద్దు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ సొమ్ము వ్యక్తులకు లాభంగా మళ్లితే ఆ మినహాయింపుకే ఎసరు. హాలుకు మార్కెట్ అద్దె కట్టండి. నిత్యం అద్దెకిస్తే చర్చి ఆస్తిపన్ను మినహాయింపు మీద కూడా ప్రభావం ఉండొచ్చు, అందుకే పాస్టరుగారు 'వాడుకో తమ్ముడూ' అన్నా వాళ్ల లాయర్ ఒకసారి చూసేదాకా ఆగండి.

లెక్క: పరికరాలు కాదు, ట్రైనర్ గంటలు

మామూలు జిమ్ సభ్యత్వాల మీద బతుకుతుంది. డబ్బు కట్టి రానివాళ్లే దానికి లాభం. వికలాంగుల జిమ్‌లో అది కుదరదు. వచ్చినవాళ్లలో చాలామందికి పక్కన మనిషి ఉండాలి, అంటే మీరు అమ్మేది ట్రైనర్ గంట.

ఉదాహరణకు గంటకు 70 డాలర్లు తీసుకున్నారనుకోండి. ట్రైనర్‌కు 28, దాని మీద యజమాని కట్టే పేరోల్ పన్ను 7.65 శాతం, కలిపి సుమారు 30. ఫ్రాంచైజీ రాయల్టీ 7 శాతం అనుకుంటే 4.90, ప్రకటనల నిధి 2 శాతం అంటే 1.40, కార్డు ఛార్జీలు 2 దాకా. మిగిలేది 31 డాలర్ల పైచిలుకు. 3,000 చదరపు అడుగుల షాపుకు అడుగుకి ఏడాదికి 24 అద్దె, పన్నులూ నిర్వహణా మరో 9 వేసుకుంటే నెలకు 8,250. ఆ అద్దె ఒక్కటే కట్టడానికి నెలకు 260కి పైగా సెషన్లు కావాలి. బీమా, మేనేజర్, కరెంటు, అప్పు వాయిదా, మీ జీతం ఇంకా రాలేదు. ఈ అంకెలు నమూనా మాత్రమే, మీ ఏరియావి వేసి చూసుకోండి. రాయల్టీ అమ్మకాల మీద తీసుకుంటారు, లాభం మీద కాదు. నష్టం వచ్చిన నెల కూడా కట్టాల్సిందే.

పైగా ఈ సభ్యులకు రద్దులు ఎక్కువ. మూర్ఛ వచ్చింది, రవాణా వ్యాన్ రాలేదు, కేర్‌గివర్ సెలవు. 24 గంటల ముందు చెప్పకపోతే సగం రుసుము అని రాసుకోండి, ఆరోగ్య అత్యవసరానికి మినహాయింపు ఇవ్వండి. నడవాలంటే చిన్న బృందాలే దారి: నలుగురికి ఇద్దరు ట్రైనర్లు, తలకు 30 డాలర్లు. వచ్చేది 120, ఇద్దరికీ పోయేది 60. ట్రైనర్ గంటకు మిగిలేది వన్-టు-వన్ కంటే కాస్త తక్కువే, కానీ ఒకరు రాకపోయినా ఆ గంట మొత్తం పోదు, కుటుంబానికి సగం కంటే తక్కువ ఖర్చు. కాకపోతే అందరినీ ఒకే బృందంలో పడేయలేరు. శబ్దం భరించలేని ఆటిజం పిల్లవాడినీ, గట్టిగా కేరింతలు కొట్టే అబ్బాయినీ ఒకే గంటలో పెడితే ఇద్దరూ పోతారు.

వికలాంగులన్న కారణంగా ఎక్కువ రుసుము తీసుకోవడం ఏడీఏ ప్రకారం కుదరదు. సైగల అనువాదకుడి ఖర్చు చెవిటి సభ్యుడి బిల్లులో వేయలేరు. వన్-టు-వన్ ధర అందరికీ ఒకటే ఉండాలి.

డబ్బు వచ్చే దారుల్లో మెడికెయిడ్ వేవర్ల (వికలాంగుల సేవలకు ప్రభుత్వం డబ్బు కట్టే పథకాల) పేరు ఎక్కువగా వినిపిస్తుంది. టెక్సస్‌లో హెచ్‌సీఎస్, క్లాస్ లాంటివి ఉన్నాయి, కానీ వాటి వెయిటింగ్ లిస్టులు ఏళ్ల తరబడి సాగుతాయి, మీరు ప్రొవైడర్‌గా ఒప్పందంలోకి రావాలి. మొదటి ఏడాది లెక్కలో సున్నా వేసుకోండి. ఏబుల్ ఖాతాలు (వికలాంగుల కోసం పన్ను రాయితీ ఉన్న పొదుపు ఖాతాలు) అంతకంటే పనికొస్తాయి: ఆరోగ్యం, వెల్‌నెస్ ఖర్చులకు అందులోంచి కట్టొచ్చు. ఇదివరకు 26 ఏళ్లలోపు వైకల్యం మొదలైనవాళ్లకే ఉండేది, 2026 జనవరి 1 నుంచి ఆ హద్దు 46కి పెరిగింది. సభ్యుల కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతి తెలీదు, కౌంటర్ దగ్గర ఒక కాగితం పెట్టండి.

కొనడమా, సొంతమా

ఈ రకం ఫ్రాంచైజీలు ఇప్పటికే ఉన్నాయి. టెక్సస్‌లో పుట్టిన స్పెషల్ స్ట్రాంగ్, కాలిఫోర్నియాలో మొదలైన వియ్ రాక్ ద స్పెక్ట్రమ్ తెలిసినవే. ఏది కొనాలన్నా చదవాల్సింది బ్రోషర్ కాదు, ఎఫ్‌డీడీ అనే వెల్లడి పత్రం. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం ఇందులో 23 అంశాలుంటాయి, సంతకానికీ సొమ్ముకీ కనీసం 14 రోజుల ముందు మీ చేతిలో పెట్టాలి. విస్కాన్సిన్, మిన్నెసోటా, కాలిఫోర్నియా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో రిజిస్టరైన ఫ్రాంచైజీల ఎఫ్‌డీడీలు ఉచితంగా దొరుకుతాయి. సేల్స్ మనిషితో మాట్లాడకముందే అక్కడ వెతకండి.

నేను చూసే వరుస ఇది. ముందు 20వ అంశం: గత మూడేళ్లలో ఎన్ని తెరిచారు, ఎన్ని మూశారు, ఎన్ని చేతులు మారాయి. వదిలేసి వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా అందులోనే ఉంటాయి. నడుపుతున్నవాళ్ల కంటే వాళ్లకే ముందు ఫోన్ చేయాలి. 'ట్రైనర్లు సగటున ఎన్ని నెలలు నిలిచారు, వన్-టు-వన్ నుంచి బృందాలకు ఎంతమంది మారారు' అనే రెండు ప్రశ్నలతో అసలు సంగతి బయటపడుతుంది. తర్వాత 19, ఆదాయం వివరాలు. అది ఇవ్వడం తప్పనిసరి కాదు. కానీ పత్రంలో ఇవ్వకుండా నోటిమాటగా 'ఏడాదికి ఇంత వస్తుంది' అన్నారంటే నిబంధన తప్పినట్టే, అక్కడితో లేచి రండి. తర్వాత 6, 7 (ఫీజులు, మొత్తం పెట్టుబడి), 12 (మీ ప్రాంతం), 17 (ముగింపు షరతులు). మామూలు జిమ్‌కు సరిపోయే ప్రాంతం మీకు సరిపోదు, ఎందుకంటే జనాభాలో మీ సభ్యులయ్యేది కొందరే. విశ్వాసం సంగతి కూడా ఒప్పందంలోనే చూసుకోవాలి: ప్రార్థన, గోడ మీది వాక్యాలు ఎవరి ఇష్టం? బ్రాండ్ రేపు చేతులు మారితే కొత్త యజమాని వాటిని తీసేయమనగలడా?

సొంతంగా పెట్టి ఫ్రాంచైజీలు ఇవ్వాలంటే కనీసం ఒక సెంటర్ లాభంలో నడిచిన లెక్కలుండాలి. లాయరు, ఆడిటరు కలిపి పదుల వేల డాలర్లు. ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు ఒక్కో వర్గానికి 350 డాలర్లు, మీకు పట్టేది 41వ వర్గం. టెక్సస్‌లో ఎఫ్‌డీడీ రిజిస్ట్రేషన్ లేదు, సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర ఒకసారి 25 డాలర్లతో మినహాయింపు నోటీసు ఇస్తే చాలు. తెలీకుండా ఫ్రాంచైజర్ అయిపోవడం ఇక్కడ పెద్ద ప్రమాదం. హ్యూస్టన్‌లో ఇంకో తెలుగు చర్చివాళ్లు 'మీ పేరు, మీ పద్ధతి మాకూ ఇవ్వండి, ఏదో కొంత ఇస్తాం' అన్నారనుకోండి. మీ బ్రాండ్ పేరు, నడిపే తీరు మీద మీ అజమాయిషీ, చెప్పుకోదగ్గ రుసుము: ఈ మూడూ కలిస్తే కాగితం మీద లైసెన్స్ అని రాసినా, పరిచర్య అని రాసినా చట్టం దృష్టిలో అది ఫ్రాంచైజీయే.

స్థలం

టెక్సస్‌లో 50,000 డాలర్లు, ఆపైన అయ్యే నిర్మాణ పనిని టీడీఎల్‌ఆర్ అనే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ దగ్గర నమోదు చేయాలి. రిజిస్టర్డ్ యాక్సెసిబిలిటీ స్పెషలిస్ట్ ప్లాన్ చూస్తారు, తర్వాత తనిఖీ చేస్తారు. అది ఎవరి ఖర్చో లీజులో రాయించుకోండి.

కొలతలు, ఏడీఏ 2010 ప్రమాణాల నుంచి: తలుపు తెరిస్తే 32 అంగుళాల ఖాళీ. ర్యాంప్ వాలు 1:12, ఒక్కో వరుస 30 అంగుళాల ఎత్తుకు మించకూడదు. వీల్‌చెయిర్ తిరగడానికి 60 అంగుళాల వలయం. ప్రతి రకం యంత్రంలో కనీసం ఒకదాని పక్కన 30 బై 48 అంగుళాల ఖాళీ నేల. ఇవన్నీ కనీసాలు. పవర్ వీల్‌చెయిర్లు మూడు ఒకేసారి వస్తే ఆ కనీసం చాలదు, యంత్రాలు తగ్గించి నేల మిగల్చండి. ప్రమాణాలు పాటించిన షాపుల్లో కూడా దెబ్బతినేది తలుపు బరువు దగ్గర, పార్కింగ్ దగ్గర. వ్యాన్ ర్యాంప్ దిగే చారల గడిలో డెలివరీ ట్రక్కు ఆగిందంటే ఆ రోజు ఇద్దరు సభ్యులు కారులోంచి దిగలేరు. ఏ వేళలో ట్రక్కులొస్తాయో లీజు ముందే రెండు సాయంత్రాలు నిలబడి చూడండి.

యంత్రాలకు ఎక్కువ పెట్టొద్దు. చేతులతో తిప్పే ఎర్గోమీటర్ ఒకటి, బల్ల పక్కకు తీయగలిగే కేబుల్ యంత్రం ఒకటి, కూర్చుని తొక్కే స్టెప్పర్ ఒకటి (కొత్తదైతే ఐదు వేలు దాటుతుంది, ఆసుపత్రులు పాతవి అమ్ముతుంటాయి), ఎత్తు మార్చగలిగే మ్యాట్ టేబుల్, ట్రాన్స్‌ఫర్ బోర్డులు, పట్టులేని చేతులకు కట్టే గ్లోవ్స్. రబ్బరు బ్యాండ్లు లేటెక్స్ లేనివే కొనండి. స్పైనా బిఫిడా ఉన్నవాళ్లలో లేటెక్స్ అలర్జీ చాలా ఎక్కువ, ప్రాణం మీదకి రావచ్చు. పుట్టినరోజు బెలూన్లకూ ఇదే వర్తిస్తుంది.

పన్నుల్లో ఒక ఊరట: ఆదాయం పది లక్షల డాలర్లు మించని, లేదా 30 మందికి మించని ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న చిన్న వ్యాపారానికి అందుబాటు ఖర్చుల మీద ఏడాదికి 5,000 డాలర్ల దాకా క్రెడిట్ ఉంది.

శరీరం సంగతులు: ట్రైనర్‌కు ఇవి రాకపోతే తలుపు తెరవొద్దు

మామూలు పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్ చాలదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, వికలాంగుల వ్యాయామం మీద పనిచేసే జాతీయ కేంద్రం ఎన్‌సీహెచ్‌పీఏడీ కలిసి తెచ్చిన ఇన్‌క్లూజివ్ ఫిట్‌నెస్ ట్రైనర్ అర్హత ఒక మంచి ప్రమాణం, ఇప్పుడూ ఇస్తున్నారో లేదో కనుక్కోండి. దాని పైన మీ సొంత శిక్షణలో ఇవి తప్పనిసరి.

వెన్నుపాము గాయం టీ-6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస) దగ్గర గానీ, పైన గానీ ఉంటే ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే ప్రమాదం ఉంటుంది. మూత్ర సంచి గొట్టం మడత పడినా, బెల్టు బిగిసినా బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబారడం, గాయానికి పైన చెమట. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతులు వదులు చేసి, గొట్టం చూడాలి. తగ్గకపోతే వెంటనే 911. అదే సభ్యుడికి గాయం కింద చెమట పట్టదు కాబట్టి టెక్సస్ వేసవిలో ఏసీ పాడైన రోజు అతని క్లాసు రద్దు చేయండి. ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు) ఉన్నవాళ్లకూ వేడి పడదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పై రెండు ఎముకల మధ్య పట్టు తక్కువ. పిల్లిమొగ్గలు, మెడను బలంగా వంచే వ్యాయామాలు డాక్టర్ చూసేదాకా వద్దు. వాళ్లలోనూ, కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లలోనూ గుండె వేగం మామూలు పట్టికల ప్రకారం పెరగదు. వాచీలో అంకె చూసి 'ఇంకా గట్టిగా' అనడం ప్రమాదం, శ్రమ ఎంత అనిపిస్తోందో అడిగి కొలవాలి. చెప్పలేనివాళ్లకు ముఖాల బొమ్మల చార్టు. వీల్‌చెయిర్‌లోనే ఉండేవాళ్లను ప్రతి 15–30 నిమిషాలకు బరువు మార్చుకోనివ్వాలి, లేకపోతే పుండ్లు.

వికలాంగులందరినీ డాక్టర్ సర్టిఫికెట్ అడగడం మాత్రం తప్పు. ఆరోగ్య ప్రశ్నాపత్రం అందరికీ ఒకటే ఇవ్వండి, జవాబు బట్టి అవసరమైనవాళ్లనే అడగండి.

కాగితాలు, వీసా

టెక్సస్‌లో సభ్యత్వాలు అమ్మే జిమ్ హెల్త్ స్పా చట్టం కింద నమోదవ్వాలి: ఒక్కో చోటుకు 100 డాలర్ల రుసుము, 20,000 డాలర్ల పూచీ బాండు. తెరవకముందే వసూలు చేసిన సభ్యత్వపు సొమ్ము ఎస్క్రోలో (ముట్టుకోకుండా విడిగా ఉంచే ఖాతాలో) ఉంచాలి, దాంతో యంత్రాలు కొనేస్తే చిక్కు. సభ్యుడికి మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది.

దెబ్బ తగిలినా దావా వేయబోమని రాసిచ్చే పత్రం మీద తల్లి సంతకం ఉంది కదా అని ధీమా వద్దు. మైనర్ తరఫున తల్లిదండ్రులు ముందే హక్కు వదులుకోలేరని 1993లోనే టెక్సస్ అప్పీలు కోర్టు ఒకటి చెప్పింది. 18 దాటిన సభ్యుడి విషయంలో గార్డియన్ ఉన్నారో లేదో అడగండి, లేకపోతే సంతకం అతనిదే. నిర్ణయాలకు సాయం తీసుకునే ఒప్పందాన్ని 2015లో చట్టంగా గుర్తించిన మొదటి రాష్ట్రం టెక్సస్, అలాంటిది ఉంటే కాపీ తీసుకోండి. బీమాలో సాధారణ బాధ్యత, వృత్తి బాధ్యతలతో పాటు లైంగిక వేధింపుల కవరేజీ విడిగా ఉందో చూడండి, చాలా పాలసీల్లో ఉండదు. చర్చి వాలంటీర్లకు కూడా నేపథ్య తనిఖీ చేయించాలి. తెలిసినవాళ్లే కదా అని వదిలేయకండి.

ఇక మీ ఇద్దరి సంగతి. హెచ్-1బి మీద ఆయన వాటాదారుగా ఉండొచ్చు, పని చేయకూడదు. జీతం తీసుకోకుండా షిఫ్టులు వేయడం, ట్రైనర్లను ఇంటర్వ్యూ చేయడం కూడా పనే. నడిపేది ఆవిడే కావాలి. అయితే 2025 అక్టోబరు 30 నుంచి వేసిన ఈఏడీ రెన్యువల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు గడువు ముగిసి కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి ఆవిడ కూడా ఆగాలి, అందుకే తొలి నెల నుంచే జీతానికి మేనేజర్ ఉండాలి. భారతీయులకు ఈ-2 ఇన్వెస్టర్ వీసా లేదు. ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకు సాయపడే ఫెడరల్ సంస్థ) పూచీతో వచ్చే అప్పుల్లో వలసదారుల వాటా మీద 2025 నుంచి నియమాలు బిగించారు, బ్యాంకును ముందే అడగండి. ఫ్రాంచైజీ ఒప్పందం సాధారణంగా పదేళ్లు, లీజు ఐదేళ్లు, రెంటికీ వ్యక్తిగత హామీ అడుగుతారు. ఆయన ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికేది మహా అయితే 60 రోజులు. ఎఫ్‌డీడీ, లీజు ముసాయిదా, ఎల్‌ఎల్‌సీ ఒప్పందం ఒకే కవర్లో పెట్టి, ఫ్రాంచైజీ లాయర్ కంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించండి.